ఇత్తడి బిళ్ళ నంబరు 212

1998 ఆగస్టు 4

నువ్వు దొంగవి. నీ ఇంటి స్లాబులో వేసిన ఇనుప ఊచ ఏ చేతిని నమిలి బయటికొచ్చిందో ఒక్కనాడైనా అడిగావా? ఎన్ని ఎం.ఎం. ఊచ అని అడిగావు. తుప్పు పడుతుందా అని అడిగావు. లారీ మీద తెస్తే ఎంత తగ్గిస్తారని కూడా అడిగావు. మనిషి సంగతి మాత్రం అడగలేదు. అందుకే దొంగవి అంటున్నాను.

ఎవర్ని తిడుతున్నాను? ఈ నోటుబుక్కు నేను తప్ప ఎవరూ చదవరు. ఇరవై రెండేళ్లు కార్మికుల కేసులు వాదించి, కరపత్రాలు రాసి, గేటు మీటింగుల్లో అరిచి అరిచి, ఎదురుగా ఒక దోషి నిలబడకపోతే నాకు వాక్యం నడవదు. సరే, ఎదుట ఎవరూ లేకపోయినా తిట్టు నిజమే.

ఈ రోజు వచ్చినవాడి పేరు వీరన్న. ఇరవై ఎనిమిదేళ్లు. జాలరి. కుడి చెయ్యి మోచేతి దిగువ నుంచి లేదు. ఖాళీ చొక్కా చేతిని మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఏదో దాచుకున్నట్టు. తోడుగా వాళ్ల అక్క చిట్టమ్మ వచ్చింది. మల్కాపురంలో ఉంటుంది. నా జూనియరు చంద్రిక కుర్చీలు వేస్తే ఇద్దరూ కూర్చోలేదు. కింద కోచింగ్ సెంటర్లో పిల్లలు ఫార్ములాలు వల్లె వేస్తున్నారు. చంద్రిక కిటికీ మూసింది.

వకాల్తా మీద వేలిముద్ర వెయ్యమన్నాను. వీరన్న నవ్వాడు.

"మగోల్లకి ఎడం సెయ్యే గదా బాబూ ఏలిముద్ర? అదుంది. గవర్మెంటు ముందే ఆలోసించింది."

ఆస్పత్రి కాగితం చూశాను. అందులో పేరు జగ్గయ్య అని ఉంది.

"జగ్గయ్య ఎవరు?"

"మా ఆయన," అంది చిట్టమ్మ. "ఆడికి రెండు సేతులూ ఉన్నాయి బాబూ."

ఆగస్టు 6

మొత్తం విన్నాను. ఇక్కడ రాసి పెట్టుకుంటే తప్ప నాకే నమ్మబుద్ధి కాదు.

జగ్గయ్య గాజువాక అవతల ఉన్న ఒక ఊచల మిల్లులో మేస్త్రీ కింద పని చేస్తాడు. ఎర్రగా కాలిన ఊచ రోలర్ల మధ్య నుంచి పాములా వస్తుంది. దాన్ని పట్టకారుతో అందుకుని పక్క రోలరులోకి ఎక్కించాలి. గేటు దగ్గర బోర్డు మేకులకు ప్రతివాడికీ ఒక ఇత్తడి బిళ్ళ, దాని మీద ఒక నంబరు. లోపలికెళ్లేటప్పుడు తీసుకుని, పని దిగాక మళ్లీ తగిలించాలి. జగ్గయ్యది 212. వరసగా మూడు రోజులు బిళ్ళ తీయకపోతే దాన్ని వేరేవాడికి ఇచ్చేస్తారు. ఫిబ్రవరిలో జగ్గయ్యకు పచ్చకామెర్లు వచ్చాయి. మేస్త్రీ ఇంటికొచ్చి, నువ్వు రాకపోతే ఎవర్నో ఒకర్ని పంపు, బిళ్ళ నిలబడుతుంది అన్నాడు. చిట్టమ్మ సముద్రం ఒడ్డున ఉన్న తమ్ముడికి కబురు పెట్టింది.

"అది తప్పని తెలీదా?" అని చిట్టమ్మను అడిగాను.

"తప్పేటి బాబూ? పడవలో అంతే గదా. ఒకడికి జొరమొత్తే ఆడి తమ్ముడో బావమరిదో ఎక్కుతాడు. వాటా మాత్రం జొరమొచ్చినోడిదే. ఎక్కినోడికి కూరకి సేపలు. సోటు కాలీ ఉంచకూడదు."

పడవ న్యాయం తీసుకెళ్లి మిల్లుకు అంటించారు. పడవలో ప్రతివాడూ ఇంకొకడి ప్రాణాన్ని ఎరుగును. మిల్లుకు నంబరు తప్ప ఏమీ తెలీదు. ఆ తేడా వీళ్లకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పరు. ఆ తేడా మీదే గదా మిల్లు నడిచేది!

ఎనిమిదో రోజు ఊచ అడ్డం తిరిగింది. పట్టకారుతో బాటు వీరన్న చెయ్యి కూడా రోలర్లలోకి వెళ్లింది. మేస్త్రీ ఆటోలో పడేసి ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు తీసుకెళ్లాడు. జేబులో బిళ్ళ ఉంది. బిళ్ళ నంబరుకు ఉన్న పేరే అక్కడ రాయించాడు. తరవాతైనా పేరు సరి చేయించుకోవచ్చు. చేయించుకోలేదు.

"పేరు మారిత్తే బిళ్ళ పోద్దని ఊరుకున్నాం," అంది చిట్టమ్మ. వీరన్న తల దించుకున్నాడు.

కాబట్టి కాగితం ప్రకారం చెయ్యి పోయినవాడు జగ్గయ్య. ఆ జగ్గయ్య కామెర్లు తగ్గాక అదే బిళ్ళతో, రెండు చేతులతో రోజూ పనికెళ్తున్నాడు. నోరు మూసుకున్నంత కాలం మిల్లు వాణ్ణి ఉంచుతుంది. చెయ్యి లేని వీరన్న మాత్రం కాగితం మీద ఏ గేటూ దాటలేదు.

వెళ్లేముందు వీరన్న ఒక్క మాట అన్నాడు. "బాబూ, బావని మాత్రం ఇందులోకి లాగొద్దు."

అలాగే అన్నాను.

ఆగస్టు 7

ఇలాంటి కేసు కోసమే బతుకుతున్నాను.

సెప్టెంబరు 16

మిల్లు జవాబు వచ్చింది. రెండు పేజీలు. "వీరన్న అనే వ్యక్తి ఎన్నడూ మా ప్రాంగణంలోకి ప్రవేశించలేదు. అతని గాయం సముద్రంలో గాని మరెక్కడో గాని జరిగి ఉండవచ్చు." సముద్రంలో! తెగిన చోట చెయ్యి కాలి ఉంది. సముద్రంలో చెయ్యి కాలుతుందా? కాలుతుందనే రాస్తారు. ఈ ఊళ్లో ఎవడికి ఏం జరిగినా నెపం సముద్రం మీద వేస్తే అది వచ్చి సాక్ష్యం చెప్పదు.

మిల్లు తరఫు లాయరు కృష్ణంరాజు. గోదావరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు. మర్యాదగా మాట్లాడతాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండుతుంది.

అక్టోబరు 14

ఈ రోజు లేబర్ ఆఫీసులో, కమిషనరు ఎదుట, నా చెంప మీద నా చేత్తోనే కొట్టారు.

కృష్ణంరాజు లేచి, ఫైల్లోంచి ఒక పాత తీర్పు తీసి, కళ్లజోడు తుడుచుకుని, నిదానంగా చదివాడు. "గేటు రిజిస్టరులో పేరుంటే మనిషి లోపల ఉన్నట్టే. లేకుంటే లేనట్టే. రిజిస్టరు అబద్ధమాడదు." చదివి నావైపు ఒకసారి చూసి, కమిషనరుతో "ఆయ్, ఇది మన మూర్తిగారి వాదనేనండి. తొంభై నాలుగులో. తమరే ఒప్పుకుని తీర్పులో ఉటంకించారండి," అన్నాడు.

కమిషనరు నవ్వు ఆపుకున్నాడు. చంద్రిక ఆపుకోలేదు. తరవాత దగ్గుగా మార్చింది.

అక్టోబరు 15

నాకు గుర్తుంది. తొంభై నాలుగులో ఒక చచ్చిపోయినవాడి భార్య కేసు. ఆ రోజు అతను డ్యూటీలో లేడని కంపెనీ బుకాయించింది. గేటు రిజిస్టరులో పేరు ఉంది. "పేరుంటే మనిషి లోపల ఉన్నట్టే" దగ్గర ఆపితే సరిపోయేది. కేసు గెలిచేవాణ్ణే. "లేకుంటే లేనట్టే" అనే తోక ఎందుకు తగిలించాను? వాక్యం నిండుగా వినిపిస్తుందని. తూకం కుదురుతుందని. ఆ తోక ఇప్పుడొచ్చి ఒక జాలరి మెడకు చుట్టుకుంది.

ఆ వాక్యాన్ని నేనే విరగ్గొట్టాలి. దానికి ఒక్కటే దారి. రిజిస్టరు అబద్ధమాడుతుందని రిజిస్టరులో పేరున్నవాడే చెప్పాలి. అంటే జగ్గయ్య.

అక్టోబరు 27

మల్కాపురం వెళ్లాను. రిఫైనరీ వాసన మధ్య మిరపకాయ బజ్జీల వాసన. జగ్గయ్య ఇంటి అరుగు మీద కూర్చున్నాను. చిట్టమ్మ సోడా తెప్పించింది. జగ్గయ్య బక్కగా ఉన్నాడు, కళ్లల్లో పసుపు ఇంకా పూర్తిగా పోలేదు. చంద్రిక నా పక్కనే ఉంది.

విషయం చెప్పాను. 

"నాను సెప్తే నా బిళ్ళ ఉంటాదా బాబూ?"

"నిజం చెప్పినవాణ్ణి ఎవరూ పనిలోంచి తీసెయ్యలేరు. తీస్తే మళ్లీ కోర్టుంది. నేనున్నాను. నీకేమీ అవదు."

"వీరన్న నన్ను సెప్పమన్నాడా?"

"వాడు నోరు తెరిచి అడగలేడు జగ్గయ్యా. నువ్వు చెబితే బాగుండునని వాడి మనసులో ఉంది."

జగ్గయ్య పెళ్లాం వైపు చూశాడు. చిట్టమ్మ ఖాళీ సోడా సీసాలు ఏరుతోంది. ఒకవైపు తమ్ముడి చెయ్యి, ఇంకోవైపు మొగుడి బిళ్ళ. ఏమంటుంది?

"అయితే ఎక్కుతాను," అన్నాడు జగ్గయ్య. పడవ ఎక్కుతానన్నట్టు అన్నాడు.

వచ్చేటప్పుడు ఆటోలో చంద్రిక అడిగింది. "సార్, వీరన్న అలా అన్నాడా?"

"అనకపోయినా అదే అర్థం," అన్నాను. అదే అర్థం.

నవంబరు 3

బార్ అసోసియేషన్ క్యాంటీన్లో కృష్ణంరాజు నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. రెండు టీలు తనే చెప్పాడు.

"మూర్తిగారూ, ఆ బిళ్ళవాణ్ణి బోనెక్కిస్తున్నారట గదండి. ఎందుకండి అంత దూరం? మావాళ్లు ఆ కుర్రాడికి ఇవ్వాల్సింది ఇస్తామంటున్నారండి. తప్పు ఒప్పుకోకుండా, మానవత్వం కింద. ఆ బిళ్ళవాణ్ణీ పనిలో ఉంచుతారండి. కాగితం మీద సంతకం చేసి పోదాం."

"మానవత్వమా? అది మీ మిల్లులో ఏ గోడౌన్లో ఉంది?" అన్నాను. పక్క బల్లల వాళ్లు నవ్వారు.

అతను నవ్వలేదు. "పార్టీని అడిగి చెప్పండి మూర్తిగారూ. మీది కాదు గదండి చెయ్యి," అన్నాడు.

తప్పు ఒప్పుకోకుండా ఇచ్చేది బిచ్చం. వీరన్న కార్మికుడు అని తేలాలి. ఒక్క వీరన్న కోసం కాదు. రేపు ఇంకో బిళ్ళ మీద లోపలికెళ్లే ప్రతివాడి కోసం. ఈ బేరం ఒప్పుకుంటే నా పాత వాక్యం అలాగే శాశ్వతంగా నిలబడిపోతుంది.

అయినా వీరన్నకు చెప్పాలి. రేపు చెబుతాను.

నవంబరు 4

ఒళ్లు బాగాలేదు. రాయడానికి ఏమీ లేదు.

నవంబరు 9

క్రాస్ ఎగ్జామినేషన్‌కు జగ్గయ్యను తయారు చేశాం. చంద్రిక ప్రశ్నలు అడిగింది. బాగా చెబుతున్నాడు. వీరన్న కూడా వచ్చాడు, బావ పక్కన కూర్చోలేక గుమ్మంలో నిలబడ్డాడు. వీరన్నతో మాట్లాడాలనుకున్నాను. జనం ఉన్నారు.

నవంబరు 18

జగ్గయ్య సాక్ష్యం. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

కృష్ణంరాజు: "ఆ రోజు నువ్వు మిల్లులో ఉన్నావా?"

"నేదండి. ఇంటికాడ కామెర్లతో పడున్నాను."

"నీ బిళ్ళ ఎవరు పట్టుకెళ్లారు?"

"మా బావమరిది. నానే ఇచ్చాను."

"అలా ఇవ్వకూడదని నీకు తెలుసా?"

"మేస్త్రీకి తెల్సండి. గేటు గుమాస్తాకి తెల్సండి. ఆల్లే పంపమన్నారు. ఒక్క నా బిళ్ళేటి బాబూ, ఆ బోర్డు మీద సగం బిళ్ళలు బావమరుదులవే!"

అందరూ నవ్వారు. కమిషనరు కూడా. కృష్ణంరాజు నవ్వు ఆగేదాకా ఆగాడు.

"నేనడిగింది నీకు తెలుసా అని."

అప్పుడు నేను లేవాలి. అభ్యంతరం చెప్పాలి. సాక్షి తన మీద తానే నేరం మోపుకునే ప్రశ్న అది. లేవలేదు. నాకు ఆ జవాబు కావాలి. తెలిసే ఇచ్చాడంటే అది మిల్లులో అలవాటుగా నడిచే పద్ధతి అని తేలుతుంది.

జగ్గయ్య నావైపు చూశాడు. నేను తల ఊపాను.

"తెల్సు," అన్నాడు.

నవంబరు 20

బోర్డు మీద 212 లేదట. ఆ మేకుకు ఏమీ వేలాడటం లేదట. జగ్గయ్య గేటు దగ్గర పదకొండు దాకా నిలబడి తిరిగొచ్చాడు.

ఊహించిందే. ఎదుర్కొంటాం.

డిసెంబరు 11

మిల్లు పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చింది. ఒకడి పేరు మీద ఇంకొకణ్ణి పంపి మోసం చేశాడని. రుజువుగా జగ్గయ్య సాక్ష్యం నకలు జతచేశారు. "తెల్సు" అన్న మాట కింద గీత గీశారు.

జగ్గయ్యను మధ్యాహ్నం దాకా స్టేషన్లో కూర్చోబెట్టారు. నేను వెళ్లి తీసుకొచ్చాను.  ఇంటి దగ్గర చిట్టమ్మ గుమ్మంలోంచి, "అయిపోయిందా బాబూ, ఇంకా ఉందా?" అని అడిగింది.

దీన్నీ ఎదుర్కొంటాం అని చెప్పాను.

1999 జనవరి 21

గెలిచాం.

"గేటు రిజిస్టరు మనిషికి రుజువు కాదు. మనిషే రుజువు. ఖండించబడిన చెయ్యే అతని హాజరు." ఇది కమిషనరు రాసింది, నా వాదనలోంచే తీసుకున్నాడు. ఇరవై రెండేళ్లలో నేను చెప్పిన వాటిలో ఇదే మంచి వాక్యం. తొంభై నాలుగు నాటి తోక తెగిపోయింది.

వీరన్నకు చెబితే, "అంటే నాను ఆ రోజు మిల్లులో ఉన్నట్టేనా బాబూ?" అన్నాడు.

"ఉన్నట్టే."

"నాకు ముందే తెల్సు," అన్నాడు. తరవాత, "బావకి బిళ్ళ మల్లీ ఇత్తారా?" అన్నాడు.

అది వేరే కేసు అని చెప్పాను.

ఫిబ్రవరి 24

మిల్లు హైకోర్టుకు వెళ్లింది. కట్టాల్సిన సొమ్ము కమిషనరు దగ్గర కట్టింది, కానీ అప్పీలు తేలేదాకా వీరన్న చేతికి రాదు. ఎన్నేళ్లో తెలీదు. న్యాయం అనేది ఈ దేశంలో గెలిచినవాడికి చూపించి అద్దాల బీరువాలో పెట్టే బొమ్మ.

మంచి వాక్యం. వ్యాసంలో వాడుకోవాలి.

మార్చి 6

మా కార్మిక సంఘం మాసపత్రికలో నా వ్యాసం వచ్చింది. నాలుగు పేజీలు. జగ్గయ్య మీద ఒక పేరా: "తన ఉపాధికి ఏం జరుగుతుందో పూర్తిగా తెలిసి, స్వచ్ఛందంగా ముందుకొచ్చి, వర్గ సోదరుడి పక్షాన నిలబడిన ఆ సామాన్య కార్మికుడి సాహసానికి జోహార్లు." పత్రికవాళ్లు ఫోన్ చేసి ఆ పేరా బాగుందన్నారు.

చివర తొమ్మిది డిమాండ్లు ఇచ్చాను. ప్రభుత్వానికి అయిదు, యాజమాన్యాలకు నాలుగు.

మార్చి 19

జగ్గయ్యకు ఆటోనగర్‌లో ఎక్కడా పని దొరకడం లేదట. పేరు చెప్పగానే, "212 వాడివా?" అంటున్నారట. హార్బరులో ఐసు మోస్తున్నాడట. కామెర్లు వచ్చిన ఒళ్లు.

వీరన్న మల్కాపురం వెళ్లడం మానేశాడట.

దీనికి నన్ను బాధ్యుణ్ణి చెయ్యడం ఏం తర్కం? నేను జగ్గయ్యకు ఏ హామీ ఇవ్వలేదు. ఏ లాయరూ ఇవ్వడు. సాక్ష్యం చెప్పడం వాడి నిర్ణయం. పోరాటంలోకి దిగినవాడికి దెబ్బ తగులుతుంది. దెబ్బ కొట్టింది మిల్లు. నేను కాదు. మిల్లును వదిలేసి నన్ను నిలదీయడం మధ్యతరగతి అలవాటు.

మార్చి 20

ఇదే మాట చంద్రికతో అన్నాను. ఆమె ఫైలు మీంచి తల ఎత్తలేదు.

"నేనక్కడే ఉన్నాను సార్. సోడా తాగుతూ చెప్పారు. 'నేనున్నాను, నీకేమీ అవదు' అని."

"ధైర్యం చెప్పడానికి అన్నాను."

"వాడు ధైర్యం అడగలేదు సార్. బిళ్ళ ఉంటుందా అని అడిగాడు."

ఆమె మీద అరిచాను. ఏం అరిచానో రాయను.

మార్చి 21

అక్టోబరు 27 పేజీ తీసి చదివాను. నా దస్తూరీ.

చింపేద్దామనుకున్నాను. చింపలేదు అని రాయడం కూడా గొప్ప చెప్పుకోవడమే. నవంబరు 3 కూడా చదివాను. నవంబరు 4 చదివాను. ఆ రోజు నా ఒళ్లు బాగానే ఉంది. మధ్యాహ్నం ద్వారకా నగర్లో చెప్పులు కొనుక్కున్నాను కూడా.

ఏప్రిల్ 2

వాయిదా. వాయిదా. వాయిదా.

ఏప్రిల్ 15

చిట్టమ్మ వచ్చింది. ఒక్కతే. ఈసారి చంద్రిక వెయ్యకముందే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పుస్తకంలో రాసారంట గదా బాబూ. మా ఆయన అన్నీ తెల్సే బోనెక్కాడని. పక్కింటి సీతాలు సదివి ఇనిపించింది."

"అది గౌరవంగా రాశానమ్మా."

"గవురవం సరే. ఆడికేటి తెల్సు? మీరు మా అరుగు మీద కూకుని ఏటన్నారు? ఏటీ అవదన్నారా నేదా?"

చంద్రిక టైపు చెయ్యడం ఆపింది.

"అన్నాను," అన్నాను.

"వీరన్న కోరిక అనీ అన్నారు. ఆడేమో ఒట్టేత్తన్నాడు, నాను బావని లాగొద్దనే సెప్పాను అని. ఈయనేమో, నువ్వు కోరితేనే ఎక్కాను గదరా అంటాడు. 'నానెప్పుడు కోరాను బావా?' అని ఆడు. మొన్న హార్బర్లో ఎదురుపడి ఒకలి మొకం ఒకలు సూసుకోకండా ఎల్లిపోనారు. సెయ్యి పోయినప్పుడు కూడా ఆ ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు బాబూ. ఈయన కలిపి ముద్దెడితే ఆడు తిన్నాడు."

నేను మిల్లు గురించి మొదలుపెట్టాను. మేస్త్రీ వ్యవస్థ గురించి, చట్టం గురించి. ఆమె చెయ్యెత్తింది.

"మిల్లోడు దొంగని నాకు తెల్సు. ఆడు నా అరుగు మీద కూకోనేదు. నా సోడా తాగనేదు. ఆడిమీద కోపం ఆడికుంటాది. ఇది మీ కోపం. మా పడవలో ఒకడి మాట మీద ఇంకొకడు ఎక్కితే, ఎక్కినోడికి ఏటైనా, మాటన్నోడు ఒచ్చి ఇంటిముందు కూకుంటాడు. తిడితే తిట్లు తింటాడు. మీరు రానేదు. పుస్తకంలో జోహార్లెట్టారు."

 బల్ల మీదున్న మాసపత్రికను సొరుగులోకి తోశాను.

"నాను ఏడవడానికి రానేదు," అంది. "ఊరందరి తరపునా డిమాండ్లు రాత్తారంట గదా మీరు. ఇయాల మాయి రాయండి. నాను సెప్తాను. మీ మాటలెట్టొద్దు. నావే రాయండి."

తెల్లకాగితం తీసుకున్నాను. రాశాను. కింద ఆమె వేలిముద్ర, నా సంతకం. ఆదివారం మల్కాపురం వెళ్లాలి. ఆ కాగితం ఆమె పట్టుకెళ్లింది. నకలు ఇది:

1. ఆదివారం మా ఇంటికొచ్చి అదే అరుగు మీద కూకోవాల. ఈసారి సోడా ఉండదు.

2. వీరన్నని, మా ఆయన్ని ఇద్దర్నీ పిలిసి, 'వీరన్న నిన్ను సెప్పమన్లేదు, అది నానే పుట్టించాను' అని మీ నోటితో సెప్పాల.

3. మా ఆయన మీద పోలీసు కేసు మీరే నడపాల. ఆ కేసు అయ్యేదాకా ఇంకో పెద్ద కేసు దొరికిందని దీన్ని జూనియరమ్మ మీదికి తోసెయ్యకూడదు.

4. పుస్తకంలో రాసింది తప్పని అదే పుస్తకంలో, అంతే పెద్దచ్చరాల్తో రాయాల. సాహసం అన్న ముక్క తీసెయ్యాల. ఆడు సాహసం సెయ్యనేదు, మిమ్మల్ని నమ్మాడు.

5. ఇంకెవుణ్ణైనా బోనెక్కించే ముందు, ఆడికేటి పోతాదో ఆడికీ, ఆడి పెళ్లానికీ ముందే సెప్పాల. పోతాది అనుకుంటే పోతాదనే సెప్పాల.

6. క్యాంటీన్లో వచ్చిన బేరం సంగతి, ఒప్పుకుంటే వీరన్నకు అప్పుడే అందేదని, జగ్గయ్య బిళ్ళ నిలబడేదని, వాళ్లను అడగకుండా నేనే కాదన్నానని, అదే ఆదివారం, అదే అరుగు మీద చెప్పాలి. ఇది ఆమె రాయించింది కాదు. ఆమె వెళ్లాక నకలులో నేను కలిపాను. ఆమె దగ్గరున్న కాగితంలో అయిదే ఉన్నాయి.